బోర్డు తిరగేసి చదవగలరు

మా అపార్ట్‌మెంట్ల స్విమ్మింగ్ పూల్లో నీళ్లు మూడడుగులున్న చోట 'ఆరు అడుగులు' అని బోర్డు ఉండేది. ఆరడుగులున్న చోట 'మూడు అడుగులు' అని ఉండేది. పెయింటరు తాగొచ్చి రాశాడనుకునేరు. కాదండీ. కమిటీవాళ్లు ఏసీ హాల్లో కూర్చుని, టీలు తాగి, జీడిపప్పు బిస్కెట్లు తిని, చేతులెత్తి తీర్మానం చేసి మరీ రాయించారు. ఆ కమిటీకి ప్రెసిడెంటు మా ఆయనే.

మా ఆయన పేరు వెంకటకృష్ణారావు. ఆటోనగర్లో లారీలకి బ్రేకు సామాన్లు అమ్ముతారు. ఊళ్లో సగం లారీలు ఆయన పుణ్యమా అని ఆగుతాయి. ఆయన నోటికి మాత్రం ఏ కంపెనీ బ్రేకూ సరిపోలేదు. నా పేరు కనకలక్ష్మి. ఈ ఇంట్లో నా మాటకి ఎంత విలువంటే, నేను కూరలో ఉప్పు సరిపోయిందంటే ఆయన రుచి చూడకుండానే ఇంకాస్త వేసుకుంటారు.

అసలు గొడవ లిఫ్టు దగ్గర మొదలైంది. లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతోంది. బోరు ఎండింది. ఐదో అంతస్తు వాళ్లబ్బాయికి ఖాయమైన సంబంధం తప్పిపోయింది. ఇంకెక్కడన్నా అయితే లిఫ్టుకి మెకానిక్కునీ, బోరుకి ఇంకొకర్నీ పిలుస్తారు. మావాళ్లు అన్నిటికీ కలిపి ఒక్కర్నే పిలిచారు. ఆయనే వాస్తు తిరుపతిరావు గారు. చేతిలో దిక్సూచి, వేళ్లకి ఉంగరాలు, నడిస్తే గుప్పుమని అత్తరు వాసన. లిఫ్టు మోటారు వంక కన్నెత్తి చూడలేదు. తిన్నగా వెళ్లి పూల్ గట్టున నిలబడి, ఎవరో పోయినట్టు మొహం పెట్టారు.

ఉత్తరం పల్లంగా ఉండాలట, దక్షిణం మెరకగా ఉండాలట. మా పూల్లో లోతంతా దక్షిణాన ఉంది. దాంతో కాంప్లెక్సులో ఉన్న అదృష్టమంతా రోజూ కొంచెం కొంచెం అటు జారిపోతోందట. మరి పూల్ తవ్వి తిరిగి కట్టాలా అని అందరూ బెంబేలెత్తిపోయారు. ఆయన చల్లగా నవ్వి, నేల మార్చక్కర్లేదు, రాత మారిస్తే చాలు, దిక్కులు రాతనే చూస్తాయి అన్నారు. ఉత్తరాన ఆరడుగుల బోర్డు, దక్షిణాన మూడడుగుల బోర్డు. దోషం హాంఫట్.

మర్నాడు పొద్దున్నే మా వాట్సాప్ గ్రూపులో మెసేజి. "గౌరవనీయులైన ఫ్లాట్ల యజమానులకు మనవి. పూల్ వద్ద బోర్డులు వాస్తు నిమిత్తం మాత్రమే. లోతు తెలుసుకోదలచినవారు బోర్డు తిరగేసి చదవగలరు." కింద ఎన్ని నమస్కారాలు, ఎన్ని బొటనవేళ్లు! డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, కాలేజీ ప్రిన్సిపాల్ ఒకాయన ఉన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇదేం చోద్యమని అడగలేదు.

నేను అడిగాను. నాకా పూల్ అడుగు బాగా తెలుసు. మోకాళ్ల నొప్పులకి నీళ్లలో నడవమన్నాడు డాక్టరు. రోజూ పొద్దున్నే ఆడవాళ్ల టైములో ఉత్తరం వైపు దిగి, ఆ చివర్నుంచి ఈ చివరికి ఎడ్లబండిలా తిరుగుతుంటాను. ఈత రాదు. చుట్టాలొస్తారు, పిల్లలొస్తారు, వాళ్లు మీ వాట్సాప్ గ్రూపులో ఉండరు కదా, వాళ్ల గతేంటి అన్నాను. వచ్చినవాళ్లకి మనం చెప్తాం కదే, నువ్వు ప్రతిదానికీ అపశకునం మాట్లాడకు అన్నారు మా ఆయన. ఒళ్లు మండిపోయింది నాకు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆయన ఆ కాసేపూ టీవీ సౌండు పెంచుకున్నారు.

అక్కడితో ఆగారా? తర్వాత లైఫ్‌గార్డు కుర్చీ మీద పడ్డారు.

మా లైఫ్‌గార్డు పోలరాజు. బందరు వైపు మనిషి, వేటకెళ్లే కుటుంబం. సముద్రంలో పుట్టి పెరిగినవాడు ఈ నీలం టైల్స్ తొట్టికి కాపలా ఏంటని మొదట్లో నవ్వుకునేవాడు. బద్ధకస్తుడే, ఫోన్లో ఊరికే వీడియోలు చూస్తుంటాడు, కానీ ఒక కన్ను ఎప్పుడూ నీళ్ల మీదే ఉండేది. అతని కుర్చీ తూర్పు గట్టు మీద, పూల్ వంక చూస్తూ ఉండేది. అంటే పడమర ముఖం. రక్షించేవాడు పడమర చూడకూడదన్నారు తిరుపతిరావు గారు. పడమటి గట్టు మీద వేద్దామా అంటే అక్కడ ప్రహరీ గోడ ఆనుకునే ఉంది, కుర్చీ పట్టదు. ఏం చేశారనుకున్నారు? కుర్చీని ఉన్నచోటే గిర్రున తూర్పుకి తిప్పేశారు. ఆ రోజు నుంచీ పోలరాజు పూల్‌కి వీపు పెట్టి, జనరేటరు గదిని కాపలా కాశాడు. ఆ గదిలో ఎవరూ మునిగిపోలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

అతనూ ఊరుకోలేదు. వెనక్కి తిరిగి తిరిగి మెడ పట్టేస్తోందని, ఆటోనగర్లో పాత లారీ సైడు అద్దం ఒకటి పట్టుకొచ్చి కుర్చీ చేతికి తాడుతో కట్టుకున్నాడు. అందులో పూల్ మొత్తం కనపడేది. అచ్చం లారీ డ్రైవర్లా ఆ అద్దంలోకే చూస్తూ కూర్చునేవాడు. నేను నీళ్లలో నడుస్తుంటే అద్దంలోంచే, అమ్మగారూ మోకాలు ఇంకాస్త పైకెత్తండి అనేవాడు. ఒకసారి మాటల్లో, మునిగేవాళ్లు సినిమాల్లోలా కేకలు పెట్టరమ్మా, నోట్లో నీళ్లుంటే అరుపెక్కడిది, చప్పుడు చెయ్యకుండా పోతారు అని కూడా చెప్పాడు. ఆ మాట ఎందుకో నా చెవిలో ఉండిపోయింది.

ఆ అద్దం తిరుపతిరావు గారి కంట పడింది. దక్షిణపు నీళ్లు అద్దంలో పడి రెట్టింపవుతున్నాయట, దోషం కూడా రెట్టింపవుతోందట. మా ఆయన స్వయంగా షాపు నుంచి కటింగ్ ప్లేయరు తెచ్చి ఆ తాడు కత్తిరించేశారు.

ఎండాకాలం సెలవుల్లో పూల్ వార్షికోత్సవం పెట్టారు. షామియానా, ఐస్‌క్రీము బండి, మైకు, పూలదండలు. గాలి నింపిన రబ్బరు ట్యూబుకి కూడా పసుపు రాసి బొట్టు పెట్టి, గోడ మీద ఎవరికీ అందనంత ఎత్తున మేకుకి తగిలించారు. మునిగేవాళ్లకి విసరడానికి ఉన్న ట్యూబది. పైనుంచి అందరినీ ఆశీర్వదిస్తుందనుకున్నారు కాబోలు.

ఆ సాయంత్రం మా అమ్మాయి గన్నవరం నుంచి మనవరాలిని తీసుకుని వస్తానంది. మనవరాలి పేరు భానుశ్రీ. మూడో తరగతి. చదువు పిచ్చి, పాల ప్యాకెట్ మీద ఉన్నది కూడా వదలకుండా చదివేస్తుంది. చెప్పిన మాట వినే పిల్ల. కాలవ గట్టు మీద నడిచినప్పుడల్లా, బోర్డు చదవకుండా నీళ్ల జోలికి వెళ్లకూడదమ్మా అని దానికి నేర్పింది నేనే. అందుకే నాకు పొద్దుట్నుంచీ అదే భయం. అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా ఆయనకి చేసి, పిల్ల రాగానే బోర్డుల సంగతి చెప్పండి, మర్చిపోకండి అన్నాను. నా స్పీచి చివర్లో అందరికీ కలిపి చెప్తాలేవే అన్నారు. సరే, నేనే చెప్తానని మిఠాయి పళ్లెం పట్టుకుని లిఫ్టెక్కాను.

లిఫ్టు ఆగిపోయింది.

వాస్తు సరిచేసిన లిఫ్టు, రెండంతస్తుల మధ్య, లైటు కూడా పోయి. లోపల నేనూ, పళ్లెంలో లడ్డూలూ. ఫోను ఇంట్లోనే వదిలేసొచ్చాను. తలుపు దబదబా బాదాను. బయట మైకు హోరులో ఎవరికి వినపడుతుంది? పైగా మా ఆయన గొంతే, పూల్ చరిత్ర చెప్తోంది. వాచ్‌మన్ వచ్చి తలుపు తీసేసరికి నా చీరంతా చెమటకి తడిసిపోయింది.

పరుగెత్తుకుంటూ వెళ్లాను. మా ఆయన మైకు ముందు నిలబడి తిరుపతిరావు గారి దివ్యదృష్టిని పొగుడుతున్నారు. మా అమ్మాయి ముందు వరుసలో కూర్చుని వీడియో తీస్తోంది. భాను ఏదే అన్నాను. నీళ్లలో ఉందమ్మా, బుద్ధిగా బోర్డు చదువుకుని మూడడుగుల వైపే దిగింది అని, దక్షిణం వైపు చూపించింది.

పళ్లెం చేతిలోంచి జారిపోయింది. కాంప్లెక్సు పిల్లలంతా ఆరడుగుల బోర్డు కింద గంతులేస్తున్నారు. దక్షిణాన, నిచ్చెనకి కొంచెం దూరంలో, ఒక్క తల. మొహం ఆకాశం వంక తిరిగి ఉంది. జుట్టు కళ్ల మీద పడినా తోసుకోవడం లేదు. చేతులు రెండూ నీళ్లని కిందికి నొక్కుతున్నాయి, కనపడని మెట్లు ఎక్కుతున్నట్టు. మూతి పైకి తేలుతోంది, మునుగుతోంది. చప్పుడు లేదు. గట్టున ఇద్దరు ఐస్‌క్రీము తింటూ దాని వంకే చూస్తున్నారు, పిల్ల ఆడుకుంటోందనుకుని.

ట్యూబు అందదు. కర్ర లేదు. నాకు ఈత రాదు. కనపడింది మైకు స్టాండు. మా ఆయన ముందు నుంచి దాన్ని లాగేసుకున్నాను. మైకు ఆయన చేతిలోనే ఉండిపోయింది, "ఇంతటి మహానుభావుడు" అన్నచోట వాక్యం ఆగింది. గట్టు మీద బోర్లా పడుకుని స్టాండు చాపి, పోలరాజూ అని అరిచాను. అది నా గొంతేనా అని నాకే అనుమానమొచ్చింది. స్టాండు చివర పిల్ల భుజానికి తగిలింది, పట్టుకోలేకపోయింది. మళ్లీ చాపి చంక కింద పెట్టాను. ఆ పాటికి పోలరాజు కుర్చీలోంచి తూర్పుకి లేచి, పడమరకి తిరిగి, బట్టలతో సహా దూకేశాడు. కింద నుంచి దాన్ని ఎత్తి నా చేతుల్లో పెట్టాడు.

ఎవరో పొట్ట నొక్కమన్నారు. ఇంకెవరో కాళ్లు పట్టుకుని తిప్పమన్నారు. పోలరాజు అందర్నీ తోసేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూసి, దాన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. దగ్గింది. నీళ్లు కక్కింది. ఏడ్చింది. ఆ ఏడుపు కంటే మంచి సంగీతం నేను ఈ జన్మలో వినలేదు. నన్ను చూసి, వెక్కుతూ ఒకటే మాట అంది.

"బోర్డు చదివే దిగాను అమ్మమ్మా."

తప్పు చేశానేమోనని భయపడుతోంది పిచ్చి తల్లి. బోర్డు మాట వినని పిల్లలందరూ క్షేమంగా ఉన్నారు, బోర్డు మాట విన్న పిల్ల చావబోయింది. మూడో అంతస్తు డాక్టరు గారు చూసి, ప్రాణానికి భయం లేదు, అయినా ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచాలన్నారు. మా అమ్మాయీ, డాక్టరు గారూ దాన్ని కార్లో తీసుకెళ్లారు. నేనూ ఎక్కబోతే, రాత్రికి తల్లి ఒక్కతే చాలు, మీరు పొద్దున్నే రండి అన్నారు డాక్టరు గారు.

అప్పుడు తిరుపతిరావు గారు మైకందుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"చూశారా, దోషం తొలగింది కాబట్టే బిడ్డ బతికింది. ఇదే పాత బోర్డులుండగా జరిగి ఉంటే, ఈ పాటికి మనం ఏం చూసేవాళ్లమో ఆలోచించుకోండి."

జనం తలలూపారు. ఒకళ్లిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. మా ఆయన కళ్లు తుడుచుకుంటూ, నిజమే, నిజమే అన్నారు.

నాకు వణుకు మొదలైంది. మోకాళ్ల దగ్గర పుట్టి, నడుం ఎక్కి, దవడ దాకా వచ్చింది. పిల్లని హత్తుకున్న తడికి చీర ఒంటికి అతుక్కుపోయింది. ముడి ఊడి జుట్టు మొహమంతా పడింది. కుంకుమ కరిగి ముక్కు మీదికి కారింది. పళ్లు కొరుకుతూ "ఏయ్" అన్నాను తిరుపతిరావుని చూసి.

మా ఎదురింటి పద్మావతమ్మ గారు నన్ను ఎగాదిగా చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు.

"అమ్మవారు పూనింది! హారతి తీసుకురండి!"

క్షణంలో హారతి వచ్చింది. కర్పూరం వెలిగింది, వేపమండలు ఎక్కణ్ణుంచి పుట్టాయో పుట్టాయి. ప్రిన్సిపాల్ గారు చెప్పులు విప్పి పక్కన పెట్టారు. అప్పటిదాకా నా వంక చూడని జనం, ఒక్కసారిగా నా వైపు తిరిగి చేతులు జోడించి నిలబడ్డారు. వింటున్నారు! ఇన్నాళ్లూ నేను అరిచి చచ్చినా తిరగని మొహాలు వింటున్నాయి. సరే, వినేవాళ్లకి చెప్పకపోవడం నా తప్పవుతుందని, జుట్టు ఇంకొంచెం విరబోసుకున్నాను.

"ఒరేయ్ వెంకటకృష్ణా!" అన్నాను.

పెళ్లయిన ఇన్నేళ్లకి తొలిసారి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆయన వచ్చి నా కాళ్ల మీద పడ్డారు.

"నా నీళ్ల మీద అబద్ధం రాస్తార్రా?"

ఆయన చెంపలేసుకున్నారు. తప్పయిపోయింది తల్లీ, ఏం చెయ్యమంటావో చెప్పు అన్నారు. చెప్పాను. లోతున్నచోట లోతని రాయమన్నాను. కుర్చీ నీళ్ల వంక తిప్పమన్నాను. ట్యూబు గోడ నెత్తి మీద కాదు, మనిషి చేతికందే చోట పెట్టమన్నాను, పక్కనే పొడుగాటి కర్ర ఒకటి ఉంచమన్నాను. చిన్నపిల్లలు దిగినప్పుడు ఇంట్లోవాళ్లు చేతికందే దూరంలో ఉండాలి గానీ, కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటే ఊరుకోనన్నాను. అన్నిటికీ, అలాగే తల్లీ, అలాగే తల్లీ అన్నారు. టీవీ సౌండు పెంచడానికి అక్కడ టీవీ లేదు.

మా ఆయనే కార్లోంచి స్పానర్ల పెట్టె తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని బోర్డుల బోల్టులు విప్పారు. తిరుపతిరావు గారు ఏమయ్యారనుకున్నారు? ఎక్కడికీ పోలేదు. అమ్మవారి వాక్కుకి మించిన వాస్తు లేదని మైకులో ప్రకటించి, ఏ బోల్టు ముందు విప్పాలో దగ్గరుండి చూపించారు. పోలరాజు కుర్చీ తిప్పుకుంటూ నా వంక చూసి, నవ్వు దాచుకోవడానికి పెదవి కొరుక్కుని తల దించుకున్నాడు.

నటించావా అని అడుగుతారు మీరు. ఆ వణుకు నాదే. ఆ కోపం నాదే. పిల్ల పోయి ఉంటే ఏమయ్యేదాన్నోనన్న భయం అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే. అందులో అమ్మవారి వాటా ఎంతో నాకూ తెలీదు. ఉంటే మాత్రం ఆవిడ కూడా ఇన్నాళ్లూ చెప్పి చెప్పి విసిగిపోయే వచ్చి ఉంటుంది.

ఇంటికొచ్చాక మా ఆయన నాకు మంచినీళ్లు తెచ్చిచ్చారు. అదీ తొలిసారే. నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగారు.

"కనకం, అమ్మవారు చెప్పినవన్నీ అచ్చం నువ్వు ముందు చెప్పినవేనే. నీకెలా తెలిశాయి?"

నేను ఆ మనిషి మొహంలోకి చూశాను. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నారు. కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. పక్కకి తిరిగి ఏడ్చాను. అమ్మవారు ఇంకా పూర్తిగా దిగలేదేమోనని ఆయన కాస్త దూరం జరిగి కూర్చున్నారు.

భానుశ్రీ కోలుకుంది. పదిహేను రోజులు పోయాక మళ్లీ వచ్చింది. మా ఆయన దాన్ని చెయ్యి పట్టుకుని పూల్ దగ్గరికి తీసుకెళ్లి, కొత్త బోర్డులు చూపించారు. పెద్ద అక్షరాలు, రాత్రిపూట వెలిగే రంగు. గర్వంగా, చదువు తల్లీ అన్నారు. అది చదవలేదు. ఉత్తరం గట్టున నిలబడి, నీళ్ల వంక చూసి, బోర్డు వంక చూసి, ఆయన వంక చూసింది.

"ఇది నిజం బోర్డా తాతయ్యా, తిరగేసి చదివేదా?"

నిజం బోర్డేనమ్మా అన్నారు. అది నమ్మలేదు. ఒట్టు అన్నారు. ఊహూఁ. కుర్చీలో పోలరాజు ఇటే చూస్తున్నాడు, ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు.

"అయితే నువ్వు దిగు" అంది.

మా ఆయనకి నీళ్లంటే చచ్చే భయం. ఆ పూల్‌కి ప్రెసిడెంటై ఉండి కూడా అందులో కాలి బొటనవేలు తడుపుకున్న పాపాన పోలేదు. నా వంక చూశారు, ఏమన్నా అడ్డు చెప్తానేమోనని. నేను చెప్పలేదు. చొక్కా విప్పి కుర్చీ మీద వేశారు, లుంగీ పైకెగ్గట్టారు, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగారు. అడుగు తగిలాక ఊపిరి వదిలారు. నీళ్లు నడుం దాటలేదు.

భానుశ్రీ ఆ నడుం వంక చాలాసేపు చూసింది. నా వేలు పట్టుకుని మొదటి మెట్టు దిగింది. రెండోది వద్దు అమ్మమ్మా, ఇవాళ్టికి ఇంతే అంది. సరేనన్నాను. అది గట్టెక్కేదాకా మా ఆయన ఆ నీళ్లలో అలాగే నిలబడ్డారు.